నలుగురికీ ఒకటే చీర

పదకొండో గల్లీ ఫుట్‌బాల్‌కి గోలులు రెండు. ఒకటి, ఏనాడో మూతపడిన పిండిగిర్నీ షట్టరు. రెండోది, రత్నాబాయి ఇంటి తలుపు. షట్టరుకు బంతి తగిలితే చప్పుడవుతుంది, అంతే. తలుపులోంచి లోపలికి పోతే మాత్రం పొయ్యి మీది పెనం, పెనం మీది జొన్నరొట్టె, ఆ వెనకాలే బంతి తన్నినవాడి ఏడు తరాలూ వీధిలోకి వస్తాయి. అందుకని ఆ తలుపు కాపలా ఆమె మనవరాలు కాజల్‌కి అప్పజెప్పారు గల్లీ మగపిల్లలు. ఆడపిల్లని ఆటలోకి రానిచ్చిందే ఆ కాపలా కోసం. అలా ఆ తలుపు ముందు నిలబడి నిలబడి కాజల్ పెద్దదైంది. కాజల్ నిలబడ్డాక రత్నాబాయి తలుపులోకి గోలు కొట్టినవాడు ఒక్కడంటే ఒక్కడు పుట్టలేదని ఇస్త్రీ బండి పింటూ పందెం కాస్తాడు. ఇంతవరకూ ఓడిపోలేదు.

ఇప్పుడా కాజల్ కాలేజీ అమ్మాయిల జట్టుకి వెన్నెముక. ఈ మాట పింటూదే. కాజల్ కాదనదు.

కొత్తగా వచ్చిన కోచ్ ప్రాజక్త మ్యాడం ఆ వెన్నెముకనే వంచే పని పెట్టుకుంది. ఆదివారం పొద్దున మైదానంలో, పక్క కాలేజీతో సరదా మ్యాచికి ముందు, నలుగురు డిఫెండర్లనూ చుట్టూ కూచోబెట్టుకుని నేలమీద నాలుగు నీళ్లసీసాలు వరసగా నిలబెట్టింది.

"ఇవి మీరు," అంది మరాఠీలో. తన చెప్పొకటి విడిచి సీసాల వెనక పెట్టింది. "ఇది ఎదుటి జట్టు పిల్ల. వాళ్లు తనకి బంతి అందించే క్షణానికి తను మీ నలుగురినీ దాటి వెనక ఉందనుకో, తప్పు తనది. ఆఫ్‌సైడ్. గోలు కొట్టినా చెల్లదు. కాబట్టి మీరు దాని వెంట పరిగెత్తొద్దు. నలుగురూ ఒక్కసారే ముందుకి అడుగెయ్యండి. అది తనంతట తనే వెనక చిక్కుకుంటుంది."

సీసాలు నాలుగూ ముందుకి జరిపింది. చెప్పు వెనకాల ఒంటరిగా మిగిలింది. మళ్లీ సీసాలు వెనక్కి తెచ్చి ఈసారి మూడింటినే జరిపింది.

"ఒక్కరు వెనక ఉండిపోయినా పని గంగలో కలిసినట్టే. అప్పుడు చెప్పు చేసింది తప్పు కాదు. గోలు గోలే."

కాజల్‌కి కుడివైపు ఆడే సాక్షి నుదురు చిట్లించింది. "అది బంతి తీసుకుని మా వెనకాల ఒక్కతే పోతుంటే మేం చూస్తూ నిలబడాలా మ్యాడం?"

"నిలబడాలి. చెయ్యెత్తి నిలబడాలి."

కాజల్‌కి ఒళ్లు జివ్వుమంది. ఆఫ్‌సైడ్ అంటే తెలియక కాదు. పాత కోచ్ ఆమెని అందరికన్నా వెనక ఒంటరిగా నిలబెట్టేవాడు, ఎవరొచ్చినా అడ్డంపడి ఆపేది, ఆ లెక్కలు ఆమెకి ఎప్పుడూ అక్కర్లేకపోయాయి. పరిగెత్తకుండా, కాలు తగలకుండా, ఒక్క అడుగు వేసి మనిషిని ఆటలోంచి తీసెయ్యొచ్చా? ఇంత మంచి దొంగపని ఇన్నాళ్లూ ఎవరూ తనకెందుకు చెప్పలేదని ఆమెకి కోపం కూడా వచ్చింది. వెంటనే బూట్ల తాళ్లు విప్పి మళ్లీ గట్టిగా కట్టుకుంది.

"కేక కాజల్ వేస్తుంది," అంది మ్యాడం. "కాజల్ 'వర్' అనగానే నలుగురూ ముందుకి." వర్ అంటే మరాఠీలో పైకి అని.

కుడిచివర నస్రీన్, ఆ పక్కన సాక్షి, తర్వాత కాజల్, ఎడమచివర మౌనిక. మౌనిక జట్టుకి కొత్త. మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. అమ్మానాన్నలు వర్లిలో కడుతున్న బిల్డింగులో పని చేస్తారు, ఆ సైటులోనే రేకుల షెడ్డులో ఉంటారు. పిల్ల లేడిలా పరిగెత్తుతుందని జట్టులోకి తీసుకున్నారు. నోరు విప్పి మాట్లాడగా విన్నవాళ్లు లేరు.

మ్యాచికి విజిల్ మ్యాడమే పట్టుకుంది. మొదటి సగం నల్లేరు మీద బండిలా సాగింది, ఎందుకంటే ఎర్ర బనీన్ల జట్టు పెద్దగా ఇటు రాలేదు. రెండో సగంలో వాళ్ల పొడుగుపిల్లకి ఎడమవైపునుంచి బంతి అందించబోయారు. "వర్," అని అరిచింది కాజల్. మరుక్షణం ఆ పొడుగుపిల్ల మౌనిక పక్కనుంచి దూసుకుపోయింది. కాజల్ వెంటపడింది గానీ అందలేదు. బంతి వలలో పడింది. గీత దగ్గర జెండా పట్టుకున్న అమ్మాయి జెండా ఎత్తలేదు.

మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల పింటూ నెత్తి కొట్టుకున్నాడు. అతని వెనక గల్లీ జనం ఓ పదిమంది. "అరె, ఆ కొత్త పోరి జాగ ఇడిశిపెట్టి ముందల్కి ఉరికిందిరా. మా కాజల్ ఒక్కతి ఏంజేస్తది?"

ఆట అయ్యాక మ్యాడం నలుగుర్నీ పిలిచింది. "నేను బంతిని చూస్తున్నాను. మీ నలుగురి గీత చెడగొట్టిందెవరు?"

సాక్షి, "మౌనిక పక్కనుంచే పోయింది," అంది. మ్యాడం కాజల్ వైపు చూసింది. కాజల్ తల ఊపింది. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు, నిజంగానే అలా జరిగిందనుకుంది.

"రేపు సోమవారం కాదు, ఆ వచ్చే సోమవారం నుంచి క్యాంపు," అంది మ్యాడం. "ఈ శనివారం మళ్లీ వీళ్లతోనే ఆడతాం. అప్పుడూ ఇదే అయితే మౌనిక క్యాంపుకి రానక్కర్లేదు. క్యాంపుకి రానివాళ్లు టోర్నమెంటులో ఉండరు."

మౌనిక నేలమీద మిగిలిన నాలుగు సీసాలూ ఏరి, మూతలు బిగించి, సంచిలో పెట్టింది.

బస్సు స్టాపు దాకా నడుస్తుంటే కాజల్‌కి జాలి పుట్టుకొచ్చింది. గెలిచే అలవాటున్నవాళ్లకి జాలి తొందరగానే వస్తుంది. "పరేషాన్ గాకు. ఎల్లుండి పొద్దుగాల మా గల్లీకి రా. నేను నేర్పిస్త," అంది.

"నువ్వు అరవంగనే ముందుకొచ్చిన అక్కా," అంది మౌనిక, చెప్పుల వైపు చూస్తూ.

"వచ్చినవ్. జర ఎక్కువొచ్చినవ్. బస్, అది సరిజేస్తే అయిపోతది."

మౌనిక బస్సు ఎక్కింది.

*

మంగళవారం పొద్దున రత్నాబాయి ఇంట్లో రగడ. కాజల్ ట్రంకుపెట్టె అడుగునుంచి ఎర్రంచు షోలాపూర్ చీర లాగి బయటపడేసింది.

"అది బొంతకు దాస్కున్ననే."

"కుట్టుకో అవ్వా, ఎవరొద్దన్నరు? ఒక్కపూట మాకియ్యి."

"పందిరా, పెండ్లా?"

"నలుగురం కట్టుకుంటం."

రత్నాబాయికి ఆ మాట అర్థమయ్యేసరికి నలుగురు పిల్లలూ తలుపు ముందు వరసగా నిలబడి ఉన్నారు. చీరని మెలిపెట్టి, ఒక్కొక్కరి నడుముకి ఒక చుట్టు చుట్టి ముడేసి, పక్కవాళ్ల నడుముకి పోనిచ్చారు. నలుగురికీ కలిపి ఒకటే చీర. అందరితో కలిసి అడుగెయ్యనివాళ్లు దొరికిపోతారు, అదీ కాజల్ ఉపాయం. దొరికేది మౌనికేనని ఆమెకి ఏ కోశానా అనుమానం లేదు.

ఎదుటి జట్టు వేషం పింటూది. ఇస్త్రీ పెట్టె రాయి మీద నిలబెట్టి, లుంగీ ఎగ్గట్టి షట్టరు దగ్గర్నుంచి బయల్దేరాడు. గల్లీ అప్పుడప్పుడే లేస్తోంది. పైఅంతస్తుల కటకటాల మీద తువ్వాళ్లు, తువ్వాళ్ల మధ్య పళ్లు తోముకునే ముఖాలు.

"వర్," అని అరిచింది కాజల్.

నాలుగడుగులు కూడా పడలేదు, నలుగురూ ఒకరిమీద ఒకరు పడ్డారు. నస్రీన్ మోచెయ్యి సాక్షి ముక్కుకి తగిలింది. పింటూ ఆగకుండా వాళ్లమీంచి దూకబోయి కూరగాయల బండిని గుద్దుకున్నాడు. కటకటాల మీద ముఖాలన్నీ నురగతో నవ్వాయి. కిందపడ్డ నలుగురికీ నవ్వు ఆగలేదు. మౌనిక నవ్వగా కాజల్ మొదటిసారి చూసింది.

"మౌనికా, నువ్వు జర ఆగు, మాతోటి రా," అంది లేస్తూ.

రెండోసారీ అదే కథ. ఈసారి మౌనికని తీసుకుపోయి అటు చివర నస్రీన్ పక్కన కట్టారు. మూడోసారి పడలేదు గానీ చీర మధ్యలో టపీమని బిగిసి అందరూ ఆగిపోయారు. కాజల్ మళ్లీ మౌనిక వైపు తిరిగేసరికి రత్నాబాయి అడ్డుపడింది.

"చీర చినుగుతది. ఇప్పుండ్రి ఇగ. ఇటు రాండ్రి."

నడుముల దగ్గర వంగి ఒక్కొక్క ముడే విప్పసాగింది. మౌనిక ముడి వేలు తగలగానే ఊడివచ్చింది. నస్రీన్‌దీ అంతే. సాక్షి ముడికి కాస్త లాగాల్సి వచ్చింది. కాజల్ దగ్గరికి వచ్చేసరికి గోళ్లు పనిచెయ్యలేదు. రత్నాబాయి నడుము పట్టుకుని మనవరాలి పక్కన మోకాళ్ల మీద కూచుంది.

"గుంజింది నువ్వేనే. చూడు, రాయి లెక్క అయింది. ఆ పిల్ల మీద ఒర్లుతున్నవ్ పొద్దట్నుంచి."

"నేనెందుకు గుంజుతా అవ్వా? అరిచేదే నేను."

"నాకేమెరక? ముడి చెప్తది."

కాజల్ ముఖం కందిపోయింది. చీర అక్కర్లేదని పింటూని మళ్లీ షట్టరు దగ్గరికి పంపించింది. ఈసారి పింటూని చూడలేదు, తన కాళ్లని చూసుకుంది. పింటూ చెప్పుల టపటప దగ్గరికొచ్చింది. వర్, అంది నోరు. మడమలు రెండూ ఎవరినీ అడక్కుండా వెనక్కి జరిగాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. వీపుకి వెచ్చగా పొయ్యిసెగ తగిలింది. వెనక అవ్వ తలుపు.

బంతి తనని దాటుతుందనగానే తన కాళ్లు ఇంటికి వెళ్లిపోతాయి. ఆదివారం కూడా అదే చేశాయి. తను అరిచి, ముగ్గురినీ ముందుకి పంపించి, తను మాత్రం వెనక్కి పోయింది. ఆ గోలు తనది. తల ఊపి ఇంకొకరి నెత్తిన పెట్టింది. కాజల్‌కి ఎక్కడన్నా దాక్కోవాలనిపించింది, దాక్కోడానికి ఉన్న ఒక్క ఇల్లూ ఆ తలుపు వెనకే ఉంది.

ఆ అడుగులు చూసిన సాక్షి ఆమె భుజం మీద చెయ్యేసి చెవిలో చెప్పింది. "మ్యాడమ్‌కి చెప్పకు యార్. శనివారం లోపల నేర్చుకో, బస్. గీత చెడగొట్టినోళ్లనే తీసేస్తానన్నది కదా."

ఆ మాట నిజమే. అందుకే అది కాజల్‌ని మధ్యాహ్నం దాకా వదల్లేదు.

*

మౌనికకి సైటులో అమ్మకి సద్ది ఇచ్చే పని ఉంది. కాజల్ కూడా ఆమెతో బస్సెక్కింది. దారంతా చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. వర్లిలో దిగి, రేకుల గేటు దాటాక, కాంక్రీటు కలిపే మిషను గోల మొదలవకముందే చెప్పేసింది.

"ఆదివారం గోలు నాదే."

"నాకెరికనే అక్కా."

కాజల్ ఆగిపోయింది. "ఎరికెనా? మరి ఎందుకు చెప్పలే?"

"నా పక్కకెల్లే పోయినవ్ కదా ఎనుకకు. చూసిన. నువ్వు పెద్దదానివి. మీ గల్లోళ్లు అంతమంది ఉండిరి. నేనంటే ఎవలింటరు?" అంది మౌనిక. ఆ మాటలో కోపం లేదు, ఉంటే కాజల్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

బిల్డింగు ఇంకా ఎముకల గూడే. ఎక్కడో పైన మనుషులు చీమల్లా కదులుతున్నారు. మిషను హోరులో పక్కమనిషి మాట వినిపించదు. మౌనిక సద్ది డబ్బా కింద పెట్టింది. కాళ్లు ఎడంగా పెట్టి, తల వెనక్కి వంచి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"అమ్మా."

కాజల్ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. ఆ ఒక్క పిలుపుకి మిషను దగ్గరివాళ్లు తిరిగారు, గేటు దగ్గర వాచ్‌మన్ తిరిగాడు, మధ్య అంతస్తుల్లో ఇటుకలు అందిస్తున్న వరస మొత్తం ఆగి కిందికి చూసింది. ఆకాశానికి దగ్గరలో ఎక్కడో పసుపు టోపీ ఒకటి అంచుమీంచి వంగింది. అది మౌనిక వాళ్లమ్మ రాములమ్మ.

"రోజూ ఇట్లనే పిలుస్తవా?"

"ఫోను ఇనబడది పైన," అంది మౌనిక, మళ్లీ ఎప్పటి సన్నగొంతుతో.

కాజల్‌కి సిగ్గు, ఉత్సాహం ఒకేసారి ముంచుకొచ్చాయి. ఈ గొంతు పక్కన పెట్టుకుని తను అరిచిందా ఆదివారం?

బుధవారం కాలేజీ మైదానంలో మ్యాడం బంతులకి గాలి కొడుతోంది. కాజల్ వెళ్లి ఎదురుగా నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. పంపు ఆగలేదు. బంతి నిండాక మ్యాడం దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది.

"ఆదివారం తల ఊపావు."

"తెలియక ఊపాను మ్యాడం."

"మౌనికకి చెప్పావా?"

"ముందు తనకే చెప్పాను."

"నీ కాళ్లు నీ మాట వినడం లేదు. మరి శనివారం కేకెయ్యాల్సింది ఎవరు?"

క్యాంపులో చోటు పోతుందేమోనని భయపడింది గానీ కేక పోతుందని కాజల్ అనుకోలేదు. ఆ ఒక్క 'వర్' అనే మాట కోసం ఆదివారం ఎంత పొంగిపోయిందో ఆమెకే తెలుసు. "మౌనిక," అంది.

మ్యాడం నవ్వింది. "ఆ పిల్ల గొంతు నేనే వినలేదు."

"మైదానం అటు చివర నిలబెట్టి వినండి మ్యాడం."

విన్నది. పంపు చేతిలోంచి జారింది.

"సరే," అంది చివరికి. "కేక తనది. శనివారం గీత ఎవరు చెడగొడితే వాళ్లు క్యాంపుకి రారు. నువ్వైనా సరే."

గురువారం, శుక్రవారం ఎర్రంచు చీర మళ్లీ గల్లీలోకొచ్చింది. పోరాడి పోరాడి ఒప్పించింది కాజల్ అవ్వని. మౌనిక 'ఎక్కూ' అని అరుస్తుంది. వాళ్ల సైటులో పైకి రమ్మనడానికి అదే మాట. ఆ కేకకి పావురాలు లేచేవి, పైఅంతస్తుల్లో చంటిపిల్లలు ఏడుపు మొదలుపెట్టేవారు, ఆ తల్లులు రత్నాబాయి మీదికి తగువుకొచ్చేవారు. గురువారం కాజల్ ముడికి రత్నాబాయి పళ్లు వాడాల్సి వచ్చింది. శుక్రవారం గోళ్లతోనే వచ్చింది. వేలు తగలగానే ఊడిరావడం మాత్రం ఒక్కసారీ జరగలేదు.

*

శనివారం మైదానానికి రత్నాబాయి కూడా వచ్చింది. తన చీరని ఇన్నాళ్లు పీక్కుతిన్న ఆట ఏమిటో చూద్దామని పింటూ ఆమెని టాక్సీలో తీసుకొచ్చాడు. తాడు పక్కన మడతకుర్చీలో కూచుని, కొంగు నడుముకి దోపుకుని, ఎర్ర బనీన్ల జట్టుని అప్పుడే శత్రువుల్లా చూడసాగింది.

ఆట ఎంత బాగా సాగిందంటే కాజల్‌కి కాళ్లు నేలమీద ఆనలేదు. మౌనిక అరిచినప్పుడల్లా నలుగురూ ఒక్క మనిషిలా ముందుకి. సాక్షి పక్కనే, నస్రీన్ అటు చివర, చూడకుండానే తెలుస్తోంది ఎవరెక్కడున్నారో. ఎర్ర బనీన్లవాళ్లు బంతి ముందుకి కొట్టడానికే జంకుతున్నారు. ఇదంతా చూస్తూ ఒళ్లు మండిపోతున్నది ఒక్క రత్నాబాయికే. మనవరాలు ఒక్కసారి కూడా ఎగిరి తన్నలేదు, జారి ఆపలేదు. "దీనికేమన్న జొరమా?" అని పింటూని అడిగింది.

ఆఖరి నిమిషాలు. అప్పటికి నస్రీన్ కార్నర్ కిక్‌కి తలతో కొట్టిన గోలు ఒక్కటే ఇద్దరి మధ్యా తేడా. ఎర్ర బనీన్లలో మధ్యన ఆడే పిల్ల బంతి అందిద్దామని తల ఎత్తింది. పొడుగుపిల్ల కాజల్ భుజం పక్కనుంచి కదిలింది. ఆదివారం పరుగే, అదే ఎడమవైపు.

"ఎక్కూ."

కాజల్ మడమలు లేచాయి. వెనక గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు, వీపు మీద పొయ్యిసెగ తగులుతున్నట్టే ఉంది. పో, ఆపు, అన్నాయి కాళ్లు. నడుము చుట్టూ లేని చీర బిగుసుకుంది. ఆ బిగింపు మౌనిక వైపుకే లాగింది. కాజల్ కళ్లు మూసుకున్నంత పనిచేసి ముందుకి అడుగేసింది.

బంతి ఆమె నెత్తిమీంచి పోయింది. పొడుగుపిల్ల ఒంటరిగా అందుకుంది, ఒంటరిగా పరిగెత్తింది, వలలోకి కొట్టింది. తాడు అవతల రత్నాబాయి కుర్చీ పడిపోయింది. కాజల్ వెనక్కి తిరగలేదు. నలుగురూ నాలుగు చేతులెత్తి నిలబడ్డారు. గీత దగ్గర అమ్మాయి జెండా నిటారుగా లేచి ఉంది.

విజిల్ మోగింది. గోలు చెల్లలేదు.

కాజల్‌కి అరవాలనిపించింది, అరిచింది. బంతిని తాకలేదు, ఎవరినీ ఆపలేదు, ఒక్క అడుగేసింది, అంతే, అయినా పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషం ఆమెకి ఏ ఆటలోనూ కలగలేదు. మౌనికని పట్టుకుని పైకి ఎత్తేసింది. నస్రీన్, సాక్షి వచ్చి మీద పడ్డారు, మంగళవారంలాగే నలుగురూ కుప్పగా కూలారు. మ్యాడం సీసాలు ఏరుకుంటూ వాళ్ల దగ్గర ఆగి, "సోమవారం పొద్దున నలుగురూ రండి," అని చెప్పి వెళ్లిపోయింది.

టాక్సీలో రత్నాబాయి ఊరుకోలేదు. "ఇంటి తలుపు బార్లా తీసిపెట్టి ముందల్కి ఉరుకుతరానే ఎవలన్న? దొంగ లోపట్కి పోయింది, నువ్వు చెయ్యెత్తి సలాం కొడుతున్నవ్. గల్లీల నా ఇజ్జత్ తీసినవ్."

"గెలిచినం అవ్వా."

"నువ్వేం జేసినవని గెలిచిండ్రు?"

కాజల్ నవ్వుతూనే ఉంది. పక్కన మౌనిక కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటోంది.

సాయంత్రం గల్లీలో ఎప్పటిలాగే ఆట మొదలైంది. రత్నాబాయి తిట్టుకుంటూనే మౌనికకి జొన్నరొట్టె పెట్టింది. మౌనిక అరుగుమీద కూచుని తింటోంది. కాజల్ తలుపు ముందు నిలబడింది. షట్టరు వైపునుంచి ఓ పిల్లాడు బలమంతా పెట్టి తన్నాడు. బంతి నేలబారుగా దూసుకొస్తోంది. కాజల్ మడమలు తలుపు వైపు కదిలాయి.

"ఎక్కూ," అంది మౌనిక, నోట్లో రొట్టెతోనే.

కాజల్ ముందుకి అడుగేసింది.

బంతి ఆమె పక్కనుంచి లోపలికి పోయింది. పెనం ఖంగున మోగింది. తర్వాత మూతలు, గిన్నెలు ఒకదాని వెంట ఒకటి. గల్లీ మొత్తం బిగుసుకుపోయింది. పింటూ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు. తన్నిన పిల్లాడు అప్పటికే షట్టరు దగ్గర లేడు.

ఒక చేతిలో బంతి, ఇంకో చేతిలో అట్లకాడ పట్టుకుని రత్నాబాయి గడపలోకి వచ్చింది. కాజల్ చెయ్యెత్తి నిలబడి ఉంది.

"ఆఫ్‌సైడ్ అవ్వా. చెల్లదు."

రత్నాబాయి మనవరాలిని చూసింది, అరుగుమీద రొట్టె మింగలేక ఉగ్గబట్టుకున్న మౌనికని చూసింది. బంతిని వీధిలోకి విసిరేసింది.

"చెల్లకుంటే చెల్లకపాయె. ఇద్దరు లోపల్కి వచ్చి ఆ గిన్నెలు కడుగుండ్రి."